కట్టు విప్పే రోజు

“ఆ పాలగిన్నె ముట్టుకోవద్దని చెప్పండి అత్తయ్యా.”

పెద్దకోడలు ఆ మాట పొయ్యితో చెప్పినట్టు చెప్పింది. వినాల్సిన అత్తగారు కింద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. గిన్నె పట్టుకుని నిలబడ్డది చిన్నకోడలు. చేతులు చాస్తే ఒకరికొకరు తగిలేంత వంటగదిలో మూడు రోజులుగా మాటలు ఇలా చుట్టుదారినే నడుస్తున్నాయి.

“పిచ్చిక లేచే వేళైందక్కా. దానికే కాస్తున్నాను.”

“నా కూతురికి పాలు కాచివ్వడానికి నాకు చేతులున్నాయని చెప్పండి అత్తయ్యా. దానికి లేనివి కళ్ళే. అమ్మ ఉంది.”

అత్తగారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెక్కు తీసేసిన దుంపనే మళ్ళీ అందుకుని ఇంకో పొర తీసింది. కుళాయి అయినా ఆగుతుంది గాని మా అమ్మ నోరాగదని పెద్దకొడుకు వేళాకోళమాడేవాడు. అలాంటి మనిషి మూడు రోజులుగా నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చుంది.

చిన్నకోడలు గిన్నె వదిలి పక్కకు తప్పుకుంది.

“సాయంత్రం నాలుగింటికి కట్టు విప్పుతారు కదక్కా. నేనూ వస్తాను.”

“ఎందుకు? ఏమైనా మిగిలిందేమో చూసి, అదీ తీసేద్దామనా?”

ఈసారి మధ్యలో అత్తయ్య లేదు. మాట నేరుగా వచ్చి తగిలింది.

పిచ్చిక పెద్దకోడలి కూతురు. తొమ్మిదేళ్ళది. పుట్టుకతోనే ఎడమకన్ను కటిక చీకటి. కుడికంట్లో మాత్రం చారెడు వెలుతురు ఉండేది. మనిషి ముఖం తెలియదు గాని కిటికీ ఎటుందో, గోడ ఎటుందో తెలిసేది. ఆ చారెడు వెలుతురుతోనే ఇల్లంతా గంతులేస్తూ తిరిగేది కాబట్టి ఆ ముద్దుపేరు. మూడు రోజుల కింద బడితోటలో ఒక మొక్క విరిగి, దాని పాలు వేళ్ళకంటుకుని, ఆ వేళ్ళతో ఆ కన్నే నలుపుకుంది. ఆ తోట వేసింది చిన్నకోడలు. బడిలో ఆ తోటపని గంటా ఆమెదే. పిల్లలు ఆమెను మట్టిటీచర్ అంటారు.

“పిన్ని రాకపోతే నేను కట్టు విప్పించుకోను.”

ముగ్గురూ తిరిగి చూశారు. గుమ్మం చెక్క పట్టుకుని పిచ్చిక నిలబడి ఉంది. కుడికంటి మీద తెల్లటి కట్టు చెంప దాకా దిగింది.

“నువ్వెప్పుడు లేచావే?” అంది తల్లి.

“మీరు మొదలుపెట్టకముందే. రోజూ నేను లేచాకే మొదలుపెడుతున్నారు. నేను పడుకున్నాననుకుంటున్నారు.”

పెద్దకోడలు గరిటె గట్టుమీద పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కుట్టుమిషను మొదలైంది. ఇంట్లోనే కూర్చుని నలుగురి బట్టలు కుట్టే మనిషి ఆమె. మామూలుగా అయితే మిషను ఆగుతూ సాగుతూ పాడుతుంది. ఇవాళ దానికి తెంపు లేదు. గుడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో తెలియనట్టు తొక్కుతూనే ఉంది.

వడ్రంగి, అంటే చిన్నకోడలి భర్త, పనిసంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. చెవి మీద పెన్సిలు. చెప్పులు వేసుకోవడానికి రోజూ పట్టేంతకంటే ఎక్కువసేపే పట్టింది.

“నిన్న అన్నయ్య ఒక మాటన్నాడు” అన్నాడు నేల చూస్తూ.

“ఏమన్నారు?”

“వేరే ఇల్లు చూసుకోమన్నాడు. కోపంగా అనలేదు. బస్సు డ్యూటీకి పోతూ పోతూ, ఉప్పు తెమ్మన్నట్టు చెప్పాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? ఆ బడితోట మడులు చేసింది నేను. చెక్క అంచు ఒక్క పిల్లకి గుచ్చుకోకూడదని నెలరోజులు తోమాను. మొక్కే కంటికి ముప్పవుతుందని నాకేం తెలుసు?” అతను తలెత్తాడు. “అసలా మొక్క అక్కడికెలా వచ్చింది? పాలుకారే మొక్కలేవీ పెట్టనని నువ్వే కదా చీటీ రాసి గోడకి అంటించావు?”

చిన్నకోడలు తడితువ్వాలు అందుకుని పిండసాగింది. అతను కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పిచ్చిక తువ్వాలు ఆరేద్దామని ఆమె వెనక మెట్ల మీదికి వెళ్ళింది. అక్కడ అత్తగారి సామ్రాజ్యం ఉంది. పగిలిన బకెట్లు, నూనెడబ్బాలు, చిల్లుపడ్డ కుక్కరు, అన్నిట్లో మట్టి, అన్నిట్లో మొక్కలు. మూలన ఒక నీలం బకెట్లో కాడజెముడు. ఆకన్నది లేకుండా పచ్చటి పుల్లలు పుల్లలుగా పెరిగే మొక్క. నీళ్ళడగదు, ఎండకు చావదు. విరిస్తే మాత్రం పాలు కారతాయి.

ఒక కొమ్మ విరిచి ఉంది. విరిచినచోట పాలు ఎండి, పొక్కు కట్టినట్టు తెల్లగా గడ్డకట్టాయి.

“చూశావా?”

వెనక అత్తగారు. చేతిలో ఇంకా చాకు ఉంది.

“చూశాను అత్తయ్యా.”

ఆవిడ మెట్టు మీద కూలబడింది. “పిచ్చికే అడిగిందే. తోటలో ఆ చక్రాల కుర్చీ పిల్ల, కెప్టెన్‌కి చిక్కుళ్ళున్నాయట, ఇంకోదానికి పుదీనా ఉందట. నాదంటూ ఏదీ లేదు నానమ్మా, మనింటి మొక్క ఒకటివ్వు అంది. ఇక్కడికి తెచ్చి అన్నీ తడమనిచ్చాను. దీని దగ్గర ఆగింది. నానమ్మా, దీనికి అన్నీ వేళ్ళే అని ఒకటే నవ్వు. విరిచి తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. పిన్నికి ముందే చెప్పకు, ఆశ్చర్యపోవాలి అని నేనే అన్నాను.”

“పాల సంగతి మీకు తెలియదా?”

“తెలుసు. అరగంట ఉంచితే కారడం ఆగుతుంది కదా అనుకున్నాను. పిల్ల దాన్ని మళ్ళీ విరుస్తుందని అనుకోలేదు.” ఆవిడ గొంతు తగ్గింది. “ఇప్పుడు నోరు తెరిస్తే పెద్దది నన్ను ఈ జన్మలో దగ్గరికి రానిస్తుందా? పిచ్చికని నా పక్కలో పడుకోనిస్తుందా? నింద ఎలాగూ నీ భుజానికెక్కింది. మోస్తున్న భుజమే కదా తల్లీ, ఇంకొన్నాళ్ళు మోయకూడదా?”

చిన్నకోడలికి కోపం రావాలి. రాలేదు. అత్తగారి దగ్గర ఒక మూట ఉంటే, తన దగ్గరా ఒకటుంది. అది ఈ మూడు రోజుల్లో భర్తకైనా విప్పి చూపించలేదు.

“బడికి టైమవుతోంది అత్తయ్యా” అంది, అంతే.

* * *

చూపు లేని, నడవలేని పిల్లలు చదివే ఆ బడి వెనక, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసిన జాగాలో ఉంది తోట. ఎనిమిది మడులు. నేలమీద కాదు, నడుమెత్తున, బల్లల్లా కాళ్ళమీద నిలబడ్డ చెక్కపెట్టెలు. చక్రాల కుర్చీ నేరుగా కిందికి దూరేలా మోకాళ్ళకు చోటు వదిలారు. దారి వెంట తాడు కట్టారు. చేతికి ఒక ముడి తగిలితే వాసనల మడి, రెండు తగిలితే తాకే మడి, మూడు తగిలితే చప్పుళ్ళ మడి. కాళ్ళ కింద కూడా నేల మారుతుంది. ఇటుక, గులకరాయి, ఇసుక. వేళ్ళు బిగుసుకుపోయే పిల్లల కోసం చిన్నపారల పిడికి గుడ్డ లావుగా చుట్టి ఉంటుంది. నీళ్ళడబ్బా ఎత్తలేనివాళ్ళకు స్పాంజి. ముంచి, మొక్క మొదట్లో పిండితే చాలు.

ఇవాళ తోట గేటుకి తాళం. దానికి అడ్డంగా ఎర్రతాడు.

తాడు ఇవతల బడి నడిపే పెద్దమేడం, ఆమె ఎదురుగా చక్రాల కుర్చీలో కెప్టెన్. పదకొండేళ్ళ పిల్ల. నడుము కింద కదలిక లేదు గాని, కుర్చీలోంచే తోటనంతా నడిపిస్తుంది కాబట్టి ఆ బిరుదు పిల్లలే ఇచ్చారు.

“ఇది మా గంట మేడం. మూడు రోజులుగా నా చిక్కుళ్ళకి నీళ్ళు లేవు.”

“ప్రమాదం జరిగింది కదమ్మా. అందుకే మూసేశాం.”

“ఈ కుర్చీలోంచి నేను రెండుసార్లు పడ్డాను. కుర్చీ తీసేసుకున్నారా?”

పెద్దమేడం ముఖం పక్కకు తిప్పుకుంది. అప్పుడే చిన్నకోడలు కనిపించింది ఆమెకు.

“రండి. మీ కోసమే చూస్తున్నాను. ముప్పై ఒక్క మంది పిల్లల ఇళ్ళల్లో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు తోట వద్దని రాసిచ్చారు. మొక్కలన్నీ పీకించి సిమెంటు చేయించమంటున్నారు. సోమవారం అందర్నీ పిలిచాను. వాళ్ళు మొదట అడిగేది ఒక్కటే. ఆ మొక్క మడి దాకా ఎలా వచ్చింది? మీకు తెలియకుండా వచ్చిందనే కదా మొన్న చెప్పారు?”

“అలాగే చెప్పాను మేడం.”

“మరి?”

చిన్నకోడలు ఎర్రతాడు పట్టుకుంది. పట్టుకోవడానికి ఇంకేమీ లేదక్కడ.

“అది పూర్తి నిజం కాదు. ఆ పొద్దున పిచ్చిక తడిగుడ్డ మూట తెచ్చి నా ముందు చాచింది. పిన్నీ, నా చేతిలో ఏముందో చెప్పు అంది. నేను అప్పుడు ఇంకో పిల్ల చేతికి స్పాంజి కడుతున్నాను. బల్లమీద పెట్టు తల్లీ, తర్వాత చూస్తాను అన్నాను. ఆ తర్వాత రాలేదు. అది ఎంతసేపని నిలబడుతుంది? తనే విప్పుకుని తాకే మడిలో గుచ్చింది. గుచ్చుతుంటే విరిగింది.”

పెద్దమేడం ఆమెకు దగ్గరగా వచ్చింది.

“ఈ మాట మొన్నే ఎందుకు చెప్పలేదు?”

“తోట పోతుందని భయపడ్డాననుకున్నాను. అది సాకు మేడం. నన్ను నేను కాపాడుకుందామని చెప్పలేదు.”

“ఇంతకీ మొక్క ఇచ్చిందెవరు?”

“అది నేను చెప్పకూడదు. ఇచ్చినవాళ్ళు చెప్పుకోవాలి. ఎవరిచ్చినా మడి దాకా రాకుండా ఆపాల్సిన చెయ్యి మాత్రం నాదే.”

పెద్దమేడం చెయ్యి చాచింది. చిన్నకోడలు కొంగుకి కట్టుకున్న తాళంచెవి విప్పి అందులో పెట్టింది. ముడి బిగుసుకుపోయి విప్పడానికి ఇబ్బంది పడింది. కెప్టెన్ చూస్తూనే ఉంది.

“సోమవారం అందరి ముందూ ఇదే మాట మీ నోటితోనే చెప్పాలి. వాళ్ళేమంటారో నాకు తెలియదు. నేనేమంటానో కూడా ఇప్పుడు చెప్పలేను” అంది పెద్దమేడం. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బరువనిపించింది.

“మట్టిటీచర్ మళ్ళీ వస్తారా?” అంది కెప్టెన్.

పెద్దమేడం తాళంచెవిని పిడికిట్లో మూసుకుంది.

“పోనీ నా చిక్కుళ్ళ సంగతి చెప్పండి. అవేం తప్పు చేశాయి?”

పెద్దమేడం తాళం తీసి, ఎర్రతాడు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళింది. బకెట్లో స్పాంజి ముంచి ఒక మొక్క మీద పిండింది.

“ఆకుల మీద కాదు మేడం, మొదట్లో!” కెప్టెన్ కుర్చీలోంచి కేకేసింది. “మెల్లగా పిండాలి! మట్టి కొట్టుకుపోతే మీరే ఎత్తాలి మళ్ళీ!”

చిన్నకోడలు వెనక్కి తిరిగి నడిచింది. ఏడవడానికి కూడా ఆ బడిలో ఆమెకు తోట తప్ప వేరే చోటు లేదు.

* * *

కళ్ళాసుపత్రి వరండాలో ఒకటే బల్ల. ఆ చివర పెద్దకోడలు, ఆమె ఒళ్ళో తల పెట్టి పిచ్చిక. ఈ చివర అత్తగారు. చిన్నకోడలు గోడకానుకుని నిలబడింది. మధ్యలో ఇద్దరు కూర్చునేంత చోటు ఖాళీగానే ఉంది.

ఎదుటి గోడ మీద పెద్ద గడియారం. నాలుగుకి పది నిమిషాలుంది.

“పెద్దదానా” అంది అత్తగారు ఉన్నట్టుండి.

మూడు రోజుల తర్వాత ఆ గొంతు. పెద్దకోడలు ఉలిక్కిపడింది.

“లోపలికి వెళ్ళకముందే నీకొక మాట చెప్పాలి.”

“తర్వాత చెప్పండి అత్తయ్యా. నా గుండె ఇక్కడ లేదు.”

“తర్వాతైతే చెప్పలేను. వెలుతురుందని తేలితే, ఏముందిలే పోనిద్దూ అనుకుంటాను. లేదని తేలితే, చచ్చేదాకా నోరు రాదు. రెండూ తెలియనప్పుడే చెప్పాలి.” ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. “ఆ మొక్క మన మెట్ల మీదిది. విరిచి దాని సంచిలో పెట్టింది నేను.”

పెద్దకోడలు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. ఆమె అరుస్తుందనుకున్నారు. అరవలేదు. ఒళ్ళో ఉన్న కూతురి జుట్టు మీద ఆడుతున్న చెయ్యి ఆడుతున్నచోటే ఆగిపోయింది.

“మూడు రోజులు” అంది చివరికి. “మూడు రోజులు నేను తోడికోడల్ని తిడుతుంటే మీరు దుంపలు తరుగుతూ కూర్చున్నారు.”

“కూర్చున్నాను.”

“నానమ్మని ఏమీ అనకమ్మా” పిచ్చిక తలెత్తింది. “నేనే అడిగాను.”

“నువ్వు మాట్లాడకు.”

“అక్కా” చిన్నకోడలు గోడ వదిలి ముందుకొచ్చింది. “అత్తయ్య ఒక్కరిదే కాదు. ఆ మూట పిచ్చిక నాకివ్వబోయింది. నేను విప్పి చూడలేదు. చూసుంటే అక్కడితో ఆగిపోయేది. ఇది నీకు మొదటిరోజే చెప్పాల్సింది.”

పెద్దకోడలు ఒకసారి ఆమెను, ఒకసారి అత్తగారిని చూసింది. పెదవులు కదిలాయి. ఏమనబోయిందో ఎవరికీ తెలియలేదు. అప్పుడే తలుపు తెరుచుకుని నర్సు పిలిచింది.

“పాపని తీసుకురండి. ఇద్దరు మాత్రమే.”

పిచ్చిక ఒక చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి గాల్లోకి చాచి, “పిన్నీ” అంది. పెద్దకోడలు వద్దనలేదు. రమ్మనీ అనలేదు. అత్తగారు బల్లమీద ఒక్కతే మిగిలింది.

గదిలో తెరలన్నీ దించి మసక చేశారు. కళ్ళడాక్టరు పెద్దాయన. మెత్తగా మాట్లాడతాడు. కట్టు పొరలు పొరలుగా విప్పి, కన్ను తుడిచి, సన్నటి టార్చి అందుకున్నాడు.

“వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో చెప్పాలి తల్లీ. తెలియకపోతే తెలియదనాలి. సరేనా?”

“సరే.”

టక్కుమని మీట నొక్కాడు.

“కుడి” అంది పిచ్చిక.

ఆయన చెయ్యి ఇటు మార్చాడు. మళ్ళీ టక్కు.

“ఎడమ.”

“ఇప్పుడు?”

“పైన.”

“ఇప్పుడు?”

“ఆర్పేశారు.”

పెద్దకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మూడు రోజుల దుఃఖం ఒక్కసారిగా కరిగి కళ్ళల్లోంచి దిగింది. “ఉంది, ఉంది, నా తల్లికి ఉంది” అంటూ, ఎవరిదో చూసుకోకుండా పక్కనున్న చెయ్యి పట్టుకుంది. అది చిన్నకోడలి చెయ్యి.

డాక్టరు చిరునవ్వుతో కాగితం అందుకున్నాడు. “మంచిదే. మందు తగ్గిద్దాం. ఇంటికి తీసుకెళ్ళొచ్చు.”

చిన్నకోడలు మాత్రం పిచ్చిక ముఖాన్నే చూస్తోంది.

వెలుతురు తగిలితే పిచ్చిక ముఖం పైకి లేస్తుంది. పొద్దున కిటికీ తెరిచినా అంతే, తోటలో మబ్బు తొలగినా అంతే. గడ్డం పైకెత్తి, రెప్పలు చిట్లించి, చల్లటి నీళ్ళు చల్లినట్టు నవ్వుతుంది. ఇప్పుడా ముఖం ఒక్కసారి కూడా లేవలేదు. ప్రతి జవాబుకు ముందు గడ్డం కిందికి దిగింది. ఎడమ చెవి రవంత ముందుకొచ్చింది.

ఆ వంపు చిన్నకోడలికి తెలుసు. నేర్పింది తనే. చప్పుళ్ళ మడి దగ్గర వెదురు గొట్టాల మీదికి గులకరాయి విసిరి, ఏ గొట్టానికి తగిలిందో చెప్పమనేది. పిచ్చిక ఇలాగే తల వంచి వినేది. ఒక్కసారీ తప్పేది కాదు. ఇక్కడ టార్చి మీట చప్పుడుంది. డాక్టరు గంజిచొక్కా చేతుల గరగర ఉంది. ఆ పిల్లకి అంతకంటే ఏం కావాలి?

పక్కనున్న చెయ్యి ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. వెచ్చగా, తడిగా. ఊరుకుంటే ఆ చెయ్యి అలాగే ఉంటుంది. ఇల్లు నిలబడుతుంది. సోమవారం పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ మెత్తబడతారు. తను నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

“డాక్టరుగారూ” అంది. “ఇంకొక్కసారి చూడండి. చప్పుడు కాకుండా.”

పెద్దకోడలు చెయ్యి వదిలేసింది.

“ఏమంటున్నావు నువ్వు?”

“అది విని చెబుతోందక్కా.”

“నీకు పిచ్చెక్కిందా? కనిపిస్తోందని డాక్టరే అన్నారు! నీకెందుకంత కడుపుమంట?”

డాక్టరు కాగితం పక్కన పెట్టాడు. పిచ్చికను ఒకసారి, చిన్నకోడలిని ఒకసారి చూశాడు. టార్చిని ఒళ్ళో గుడ్డకింద పెట్టి వెలిగించాడు. తర్వాత ఊపిరి కూడా ఆపినట్టు చెయ్యి మెల్లమెల్లగా పైకి తెచ్చాడు. వెలుగు పిచ్చిక గడ్డం మీదికి, చెంప మీదికి పాకి, సరిగ్గా కుడికంట్లో నిలబడింది. ఆ కంటి నీళ్ళలో చిన్న చుక్కలా మెరిసింది.

గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

పిచ్చిక తల వంచింది. ఎడమ చెవి ముందుకు పెట్టింది. కుడి చెవి ముందుకు పెట్టింది. వేళ్ళు గౌను అంచును పట్టుకుని నలిపాయి.

“ఇంకా వెలిగించలేదా?” అంది.

పెద్దకోడలు గొంతులోంచి మాట కానిదేదో వచ్చింది.

డాక్టరు టార్చి ఆర్పాడు. “మంచిపని చేశారమ్మా. చూపు పోయిందని నేననడం లేదు. కంటి లోపల వాపు ఇంకా తగ్గలేదు. బాగుందనుకుని మందు తగ్గించి పంపేవాణ్ణి. అప్పుడైతే నిజంగానే పోయేది. ఇప్పుడే చేర్చుకుంటాను. గంటగంటకీ చుక్కలు పడాలి. వాపు తగ్గితే వెలుతురు తిరిగి రావచ్చు. రాకపోనూవచ్చు. వారం ఆగాలి.”

ఆయన నర్సుతో మాట్లాడటానికి పక్కగదిలోకి వెళ్ళాడు.

“ఎందుకు చెప్పావు పిన్నీ?”

పిచ్చిక ఏడవడం లేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

“నేను కనిపిస్తోందంటే అందరూ ఊరుకునేవాళ్ళు. తోట తెరిచేవాళ్ళు. నాన్న మిమ్మల్ని వేరే ఇంటికి పొమ్మనేవాడు కాదు. నానమ్మ మాట్లాడేది. నాకు ఎలాగూ కళ్ళు లేవు కదా, ఆ కాస్త ఉంటే ఎంత, పోతే ఎంత? ఎందుకు చెప్పావు?”

“తల్లీ...” చిన్నకోడలు ఒక అడుగు ముందుకు వేసింది.

“నా దగ్గరికి రావద్దు. పిన్ని వద్దమ్మా. నువ్వే ఉండు.”

పెద్దకోడలు కూతురిని దగ్గరికి తీసుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంటి గొడవలన్నీ లెక్కపెట్టి, తన కన్ను ఇచ్చి తీర్చేద్దామనుకుందని ఆమెకు ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది. కూతురి తల మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి ఆ కళ్ళల్లో నీళ్ళు లేవు.

నర్సు వచ్చి, పక్కగదిలో మంచం చూపించింది. “పాప దగ్గర ఒక్కరే ఉండాలి. ఎవరుంటారు?”

“అమ్మ” అంది పిచ్చిక.

“పిన్ని ఉంటుంది” అంది పెద్దకోడలు.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

“నేను వద్దన్నాను కదమ్మా!”

“విన్నాను. అయినా పిన్నే ఉంటుంది.” ఆమె చిన్నకోడలి కళ్ళల్లోకి చూసింది. “నిన్ను క్షమించానని కాదు. అది ఇంకా నావల్ల కాదు. కానీ పిల్ల నా ముందే అబద్ధమాడింది. కన్నదాన్ని, నాకు తెలియలేదు. సంతోషంతో నమ్మేశాను. ఈ వారంలో రోజూ అడుగుతారు దాన్ని, కనిపిస్తోందా అని. నన్ను ఏడిపించకూడదని అది అవునంటుంది. నేను మళ్ళీ నమ్ముతాను. నువ్వు నమ్మవు.”

చేతిసంచి తెచ్చి చిన్నకోడలి కాళ్ళ దగ్గర పెట్టింది. అందులో పిచ్చిక దుప్పటి, గ్లాసు, మారుబట్టలు.

“నువ్వెక్కడికక్కా?”

“బయట ఒకావిడ కూర్చుంది కదా” అంది పెద్దకోడలు. ఆ గొంతులో ఏముందో పోల్చుకోవడం కష్టం.

ఆమె వరండాలోకి వెళ్ళింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. సన్నటి సందులోంచి బల్ల చివర, అత్తగారి కాళ్ళు, వాటి ముందు వచ్చి ఆగిన పెద్దకోడలి కాళ్ళు కనిపిస్తున్నాయి.

నర్సు మొదటి చుక్క వేసింది. పిచ్చిక పళ్ళు బిగించి ఓర్చుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నకోడలు కుర్చీ లాక్కుని, చెయ్యి వెయ్యకుండా, పక్కనే కూర్చుంది.

పిల్ల వీపు ఆమె వైపుంది. చెవి మాత్రం తలుపు వైపుంది.

బయట ఇద్దరూ ఇంకా ఒక్క మాటా మాట్లాడుకోలేదు.